పారబోసిన రాగిజావ

పుంగనూరులో సిమెంటు కొట్టు పెట్టి పైకి వచ్చిన మునిరత్నానికి, తాను పుట్టి పెరిగిన పేదరికం ఎవరికీ గుర్తు రాకూడదనే పట్టింపు ఉండేది. చిన్నప్పుడు పూటపూటా తిన్న రాగిసంకటిని ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. మూడు పూటలా తెల్లన్నమే వండించేవాడు.

అతని ఒక్కగానొక్క కూతురు హేమకు పాలు పడేవి కావు. గుక్కెడు తాగినా కడుపునొప్పి, విరేచనాలు. పెరుగూ అంతే. నాలుగేళ్లు దాటాక ఆ పిల్ల కాళ్లు నొప్పులని ఏడవసాగింది. నిలబడితే మోకాళ్లు ఎడంగా, కాళ్లు విల్లులా వంగి కనిపించేవి.

ఒకరోజు తల్లి రెడ్డెమ్మ పక్కింట్లో రాగిపిండి అడిగి తెచ్చి జావ కాచింది. హేమ ఇష్టంగా తాగుతుంటే మునిరత్నం చూశాడు. గిన్నె లాక్కుని జావ పారబోశాడు.

"కూలికి పోయేవాళ్ల తిండి నా కూతురికి పెడతావా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు.

"పాలు పడని బిడ్డకు ఇంకేం పెట్టమంటారు?" అంది రెడ్డెమ్మ.

మరునాడు అతనే కూతుర్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఎముకలకు కాల్షియం అందడం లేదు," అన్నాడు డాక్టరు. "పాలు పడకపోతే దిగులు లేదు. రాగులు, నువ్వులు, మునగాకు, ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలు రోజూ పెట్టండి. వాటిలో కాల్షియం బాగా ఉంటుంది. ఎండలో ఆడుకోనివ్వండి. నెల తర్వాత మళ్లీ చూపించండి."

మునిరత్నం తల ఊపాడు. దారిలో పచారీ కొట్టు ముందు ఆగాడు. లోపల తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందు రాగులు అడగడానికి అతనికి నోరు రాలేదు. ఖరీదైన బిస్కెట్లు కొని ఇంటికి వెళ్లాడు.

"డాక్టరు ఏమన్నాడు?" అని అడిగింది రెడ్డెమ్మ.

"ఎదిగే పిల్లలకు నొప్పులు మామూలేనట," అన్నాడు. మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్లనే లేదు.

ఏడాది తిరిగింది. ఒక ఉదయం హేమ వాకిట్లో మెట్టు దిగుతూ పడిపోయింది. చిన్న మెట్టే. అయినా తొడ ఎముక విరిగింది.

ఆస్పత్రిలో అదే డాక్టరు ఎక్స్‌రే చూశాడు. "నేను చెప్పినవి పెట్టలేదా అమ్మా?" అని రెడ్డెమ్మను అడిగాడు.

"ఏం చెప్పారు సార్?" అందామె.

డాక్టరు మునిరత్నం వైపు చూశాడు. రెడ్డెమ్మ కూడా చూసింది. అతను తల ఎత్తలేకపోయాడు. ఆ రోజు నుంచి ఆమె అతనితో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

ఎముక అతికింది కానీ ఆ కాలు కురచైపోయింది. వంకర కొంత తగ్గవచ్చు, పూర్తిగా పోతుందని చెప్పలేను అన్నాడు డాక్టరు. ఇప్పుడు మునిరత్నమే రాగులు కొని తెచ్చేవాడు. తానే సంకటి కెలికి, మునగాకు పప్పుతో కూతురికి తినిపించేవాడు.

ఒక సాయంత్రం వీధిలో పిల్లలు పరుగులు తీస్తున్నారు. హేమ గుమ్మంలో కూర్చుని, నాన్న పెడుతున్న సంకటి తింటూ వాళ్లను చూస్తోంది.

"నాన్నా, ఇది తింటే నేనూ అట్లా పరుగెత్తుతానా?" అని అడిగింది.

మునిరత్నం ఇంకో ముద్దను పప్పులో అద్దాడు. దాన్ని ఆమె నోటికి అందించాడు.

నీతి: పరువు కోసం ఒంటికి మేలు చేసే తిండిని చిన్నచూపు చూస్తే, ఆ నష్టాన్ని మన బిడ్డలు మోయవలసి వస్తుంది.