ఆదివారం ఉక్క

విశ్వంభరుడు వేదిక ఎక్కాడంటే చాలు, ధ్యానమందిరంలో ఏసీ చల్లబరచడం మానేసేది.

గుంటూరు శివార్లలో శాంతబోధస్వామి ఆశ్రమం అది. ఎవరో భక్తుడు నిరుడు ఆ హాలుకి ఏసీ పెట్టించాడు. గురువారాలు స్వామివారు మాట్లాడతారు. ఆ సాయంత్రం హాలంతా హాయిగా ఉంటుంది, ముసలివాళ్లయితే శాలువాలు కప్పుకుని మరీ వింటారు. ఆదివారాలు శిష్యుడు విశ్వంభరుడు మాట్లాడతాడు. అదే హాలు, అదే ఏసీ, అదే జనం. కాసేపటికే కొంగులూ కండువాలూ విసురుకోవడం మొదలవుతుంది. ఆ తరవాత ఒక్కొక్కరూ మంచినీళ్లకని లేస్తారు. లేచినవాళ్లు మళ్లీ రారు.

"స్వామివారి మాటలోనే ఉంది నాయనా ఆ చల్లదనం. నీకింకా వయసుంది, వస్తుందిలే," అని మొదటి వరసలో కూర్చునే సుందరమ్మగారు ఓదార్చింది. ఆ ఓదార్పుకి విశ్వంభరుడికి రెండు రోజులు అన్నం సయించలేదు.

స్వామివారి గొంతు బాగాలేదు. ఎక్కువ మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వైశాఖం నుంచి గురువారాలు కూడా విశ్వంభరుడే చెప్పాలని అనుకున్నారు. కానీ వినేవాళ్లు కూర్చుంటే కదా చెప్పడం.

అతను చెయ్యని ప్రయత్నం లేదు. రిమోట్ మీద అంకె ఎంత దిగుతుందో అంతా దింపాడు. ఫిల్టరు విప్పి కడిగాడు, ఆఖరి చెంబులో కాస్త గంగాజలం కూడా కలిపాడు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాడు. చివరికి మంగళవారం నాడు మెకానిక్ మస్తాన్‌ని పిలిపించాడు. మస్తాన్ లోపలా బయటా అంతా చూసి, గ్యాసు చూసి, ఏసీ వేసి కింద నిలబడ్డాడు. కాసేపటికి తుమ్మాడు.

"మిషన్ బంగారంలా ఉందండీ."

"ఇవాళ కాదు. నువ్వు ఆదివారం వచ్చి చూడాలి."

"ఆదివారం నాకు సెలవండీ," అని మస్తాన్ సామాను సంచీలో వేసుకున్నాడు.

మిషన్‌లో లోపం లేదంటే ఇక ఎవరిలో ఉన్నట్టు? విశ్వంభరుడికి నిజంగానే దిగులు పుట్టింది. స్వామివారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆయన వంటింటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"నా సాధనలో ఏదో లోపం ఉంది గురువుగారూ. ఈ ఆదివారం కూడా జనం ఇలాగే లేచిపోతే ఇక నేను వేదిక ఎక్కను. మీ స్థానంలో కూర్చునే అర్హత నాకు లేదు."

స్వామివారు ఒక కాయని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పుచ్చు లేదు, బాగానే ఉంది," అని గిన్నెలో వేశారు. "ఆదివారం నేనూ వచ్చి కూర్చుంటాలే."

శనివారం విశ్వంభరుడు ఉపవాసం ఉన్నాడు. ఆదివారం సాయంత్రం ఎప్పటిలాగే వేదిక ఎక్కేముందు స్నానం చేశాడు. మడి విషయంలో అతనిది మహా పట్టుదల. విడిచిన పంచె తన చేత్తోనే తడుపుతాడు, తన చేత్తోనే ఆరేస్తాడు. మర్నాడు తెల్లవారుజామున పూజకి దాన్నే కట్టుకోవాలి, ఈలోగా మరో చెయ్యి తగలకూడదు. పెరట్లో తీగ మీద వేస్తే వంట చేసే కామేశ్వరమ్మగారి చీర ఎగిరొచ్చి తగులుతుంది, భక్తుల పిల్లలు కింద దూరి ఆడుకుంటారు. అందుకని వెతగ్గా వెతగ్గా అతనికి ఒక మంచి చోటు దొరికింది. హాలు వెనక గోడకి ఆనించి ఏసీ తాలూకు పెద్ద పెట్టె ఉంది. ఏసీ వేసినంతసేపూ అందులోంచి వేడిగాలి కొడుతూ ఉంటుంది. అటువైపు ఎవరూ రారు. తడిపంచెని ఆ పెట్టె చుట్టూ కప్పి, గాలికి ఎగరకుండా క్లిప్పులు పెట్టేస్తే చాలు, ఉపన్యాసం అయ్యేసరికి అప్పడంలా ఆరిపోతుంది. దేవుడే చూపించిన చోటు అనుకున్నాడు. అటు ఎవరూ వెళ్లొద్దని ఆశ్రమంలో అందరికీ గట్టిగా చెప్పి ఉంచాడు కూడా.

ఆ పని ముగించుకుని, పొడిబట్ట కట్టుకుని, విభూతి పెట్టుకుని వేదిక ఎక్కాడు. చలీ ఎండా రెండూ ఒకటేనని తెలుసుకున్నవాడే జ్ఞాని అని ఎత్తుకున్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపు విభూతి కరిగి కంట్లోకి కారింది.

సుందరమ్మగారు విసనకర్ర తీసింది. వెనక వరసలో ఒకాయన నీళ్లకని లేచాడు. స్వామివారు అందరికంటే వెనక, కిటికీ పక్కన కూర్చున్నారు. ఏదో మూలుగు వినిపించినట్టు చెవి అటు పెట్టారు. తరవాత కిటికీలోంచి బయటికి తొంగిచూశారు. చాలాసేపు చూశారు. ఆ తరవాత ఆయన కూడా లేచి బయటికి వెళ్లిపోయారు.

విశ్వంభరుడు వేదిక మీంచి అది చూశాడు. గురువుగారే లేచిపోయాక ఇక ఏం మిగిలింది? నోరు ఏదో చెబుతూనే ఉంది, మనసు మాత్రం పెట్టే బేడా సర్దుకుంటోంది.

కాసేపటికి స్వామివారు తిరిగొచ్చి అదే చోట కూర్చున్నారు. అప్పటికి ఏసీ రొద తగ్గింది. మరికాసేపటికి విసనకర్ర ఆగింది. నీళ్లకని లేచిన మరొకాయన గుమ్మం దాకా వెళ్లి, ఒంటికి చల్లగాలి తగిలి, మెల్లిగా వెనక్కొచ్చి చతికిలబడ్డాడు.

"చూశారా," అంది సుందరమ్మగారు పక్కావిడతో, అందరికీ వినపడేటట్టు. "స్వామివారు ఇలా వచ్చి కూర్చున్నారో లేదో, అలా చల్లబడింది."

ఆ మాటకి విశ్వంభరుడు తలెత్తి వెనక వరస వైపు చూశాడు.

స్వామివారి భుజం మీద ఒక పంచె ఉంది. సగం ఆరింది, సగం తడి. అంచుకి ఇంకా ఒక క్లిప్పు వేలాడుతోంది. ఆయన దాని కొసతోనే తీరిగ్గా మెడ తుడుచుకుంటున్నారు.

విశ్వంభరుడికి మాట ఆగిపోయింది. పంచె వంక చూశాడు, కిటికీ వంక చూశాడు, పైన గోడ మీద ఏసీ వంక చూశాడు. ఇన్ని ఆదివారాల ఉక్కా ఒక్కసారిగా అతని మొహంలోకి వచ్చింది. ఎందుకు ఆపాడో తెలియక జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

స్వామివారు నవ్వారు.

"మడే కదా పోయింది. చెప్పు నాయనా, వింటున్నారు."