ఇప్పచెట్టు మీద పచ్చి గీత

అనగనగా ఒక ఇప్పల అడవి. ఎండాకాలం వస్తే చాలు, తెల్లవారేసరికి తియ్యటి ఇప్పపూలు టపటపా రాలేవి. చిక్కల్లా ఒక్కటే. ఏ రోజు ఏ చెట్టు రాలుస్తుందో, ఏది మొండికేస్తుందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ చెట్లన్నీ కొండముచ్చులవి. వాటి పద్ధతి వినండి. సాయంత్రం ఒక చెట్టు చూపించి, బుట్టెడు ఎండుపూలు ఇవ్వాలి. తెల్లారి ఆ చెట్టు పది బుట్టలు రాల్చినా అన్నీ మనవే. ఏమీ రాల్చకపోతే మన బుట్ట గోవిందా!

ఆ అడవిలో బొద్దమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఇద్దరు పిల్లల తల్లి. వానాకాలంలో పిల్లలకు పెట్టుకోవడానికి ఆరు బుట్టల పూలు ఎండబెట్టి దాచుకుంది.

ఒకరోజు తోకరాజు అనే నక్క పుట్టెక్కి కూర్చుంది.

"రేపు ఏ చెట్టు రాలుస్తుందో చెవిలో చెబుతాను. నాకు ఒక్క బుట్ట ఇస్తే చాలు!" అంది.

"నీకెలా తెలుసు బావా?" అని అడిగింది బొద్దమ్మ.

నక్క అడవి జంతువులన్నిటినీ ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. కింద పూలు కుప్పలుగా పడి ఉన్నాయి. మొదలు మీద గోటి గీత ఉంది.

"ఈ గీత నిన్న సాయంత్రమే గీశాను. చూడండి, ఎలా రాలాయో!"

"నేను చూశాను! నేను చూశాను!" అని ఒక రామచిలుక అరిచింది. దానికి నక్క నుంచి రోజుకో జామపండు ముడుతోందని అప్పటికి ఎవరికీ తెలియదు.

బొద్దమ్మ మురిసిపోయింది. నక్కకో బుట్ట, కొండముచ్చులకో బుట్ట ఇచ్చింది. తెల్లారి చూస్తే ఆమె చెట్టు కింద ఒక్క పువ్వు లేదు.

"నువ్వు ఎడమ పక్కన నిలబడ్డావు మరదలా! అందుకే!" అంది నక్క.

మర్నాడు మళ్ళీ ఇద్దరికీ చెరో బుట్ట ఇచ్చి కుడి పక్కన నిలబడింది. అప్పుడూ అంతే.

"పొద్దున్నే అంత నోరు తెరిచి ఆవలించావుగా! పూలు జడుసుకున్నాయి," అంది నక్క.

పాపం, బొద్దమ్మ ఆ రోజంతా నోరు మూసుకునే తిరిగింది. అంత పెద్ద శరీరంలో కాస్తంత అనుమానానికి చోటు లేకపోయింది చూడండి!

మూడో రోజు మిగిలిన రెండు బుట్టలూ పట్టుకుని బయలుదేరింది. దారిలో సూదయ్య అనే ముళ్ళపంది ఎదురైంది.

"వదినా, ఏ చెట్టు రాలుస్తుందో తోకరాజుకి తెలిస్తే, తనే ఆ చెట్టు తీసుకోవచ్చుగా? మన బుట్టలెందుకు?"

"అలా అనకు మరిదీ, కళ్ళు పోతాయి," అంది బొద్దమ్మ. ఆ రోజు పూలు రాల్చిందని నక్క చూపించిన గీత చెట్టును భక్తిగా కావలించుకుని, గీతకు చెంప ఆనించింది.

అంతే! చెంప అతుక్కుపోయింది. లాగితే బొచ్చు ఊడుతోంది.

"అమ్మో! నన్ను చెట్టు పట్టుకుంది!"

సూదయ్య దగ్గరికి వచ్చి వాసన చూసింది. "చెట్టు కాదు వదినా, పాలు. గాటు పెడితే ఇప్పచెట్టు పాలు కారుస్తుంది. ఇవి ఇంకా పచ్చిగా ఉన్నాయి. నిన్నటి గీతైతే ఈపాటికి ఎండిపోయేది."

బొద్దమ్మ చెంప పీక్కుని నక్క వైపు తిరిగింది.

"పూలు రాలాక గీశావా బావా?"

"అనుమానిస్తే విద్య పనిచేయదు!" అని నక్క గదిమింది. "ఒక్క బుట్టకు చెప్పడం ఇవాళే ఆఖరు. రేపటి నుంచి రెండు బుట్టలు. ఇస్తావా, వెళ్తావా?"

బొద్దమ్మ తన బుట్టల వైపు చూసుకుంది. ఒక్కసారి తగిలితే పోయినవన్నీ తిరిగొస్తాయి. తగలకపోతే పిల్లలకు పిడికెడు పూలైనా మిగలవు. బుట్టలను గట్టిగా పొట్టకు అదుముకుంది.

"మూడు సాయంత్రాలు మా అందరి ముందు గీత గియ్యి. మూడు చెట్లూ రాలిస్తే ఈ రెండు బుట్టలూ నీవే. అంతవరకు ఒక్క పువ్వు ఇవ్వను."

అందరూ చుట్టూ మూగారు. నక్క మింగలేక కక్కలేక గీత గీసింది. మొదటి రోజు తెల్లారి పూలు లేవు. రెండో రోజు తెల్లారి రెండు ఎండుటాకులు రాలాయి. మూడో రోజు తెల్లారి ఒక తొండ పడింది. చిలుక అప్పటికే వేరే అడవికి ఎగిరిపోయింది.

"నా బుట్టలు నాకిచ్చెయ్!" అంది బొద్దమ్మ.

"ఎప్పుడో తినేశాను. అయినా నేనేమన్నా లాక్కున్నానా? నువ్వే తెచ్చి ఇచ్చావు," అని నక్క నసిగింది.

బొద్దమ్మకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని లేచింది.

"నిజమే. అబద్ధమాడింది నువ్వు, పరీక్షించకుండా ఇచ్చింది నేను. నీ తప్పుకు నిన్ను తరుముతాను. నా తప్పుకు వానలో దుంపలు తవ్వుకుంటాను."

ఆ రెండు పనులూ చేసింది. నక్కను అడవి పొలిమేర దాటేదాకా తరిమింది. వానాకాలమంతా తడుస్తూ చేదు దుంపలు తవ్వి తాను తిని, మిగిలిన రెండు బుట్టల పూలూ పిల్లలకే పెట్టింది.

నీతి: పని జరిగిపోయాక "ముందే చెప్పాను" అనేవాడి మాటకు కష్టార్జితం ఇవ్వకూడదు. ముందుగా అందరి ఎదుట చెప్పించి, నెగ్గినవాటితో పాటు తప్పినవీ చూశాకే ఎవరినైనా నమ్మాలి.