గణుపు లేని ఆకు

ముందుకు జరగండి పిల్లలూ. చాప చివర కూర్చున్నవాళ్ళు కూడా దగ్గరికి రండి. గోడకు ఆనుకున్న పెద్దవాళ్ళు అక్కడే ఉండొచ్చు. ఈ కథ అసలు మీకే.

కాళహస్తిలో మునిరత్నం గారని ఒక కలంకారీ అయ్యవారు ఉండేవారు. బట్ట మీద వెదురు కలంతో బొమ్మలు గీయడం నేర్పేవారు. ఎవరేం అడిగినా వెంటనే బదులు చెప్పే అలవాటు ఆయనకు లేదు. “కూర్చో, కాసేపు చూద్దాం” అనేవారు. దేన్ని చూడాలో మాత్రం చెప్పేవారు కాదు.

ఒక సాయంత్రం ఆయన పాత శిష్యురాలు సుగుణ వచ్చింది. ఇప్పుడు తనే నలుగురికి నేర్పుతోంది. ముఖం కందగడ్డలా ఉంది. చేతిలో ఫోను, ఫోనులో ఒక చీర ఫోటో. ఆ చీర అంచు పొడవునా ఆకుల తీగ. ఎన్నో బట్టలు పాడుచేసుకుని సుగుణ సాధించిన తీగ నమూనా అది. దాన్ని ఆమె శిష్యురాలు హేమావతి గీసి, ఎగ్జిబిషన్లో పెట్టి, సొంతంగా కల్పించానని చెప్పుకుంది.

“అడిగితే ఇచ్చేదాన్ని అయ్యవారూ. ఒక్క మాట అడగలేదు. రేపు పాఠానికి వస్తే గడప అవతలే నిలబెట్టి, ఇంక రావద్దని చెప్పేస్తా. తప్పా?”

తప్పా అని అడక్కుండా ఉండలేకపోయింది. కన్నకూతురికి పెట్టినట్టు ఆ పిల్లకు అన్నం పెట్టిన మనిషి మరి.

“కూర్చో” అన్నారు అయ్యవారు.

ఆయన అప్పుడు వరండాలో మనీ ప్లాంట్ ఆకులు తడిగుడ్డతో తుడుస్తున్నారు. ఒకప్పుడు సీసాలో నీళ్ళు తాగి బతికిన తీగ అది. కుండీలోకి మారాక స్తంభం ఎక్కి, దూలం వెంబడి పాకి, పక్కింటి గోడ మీదికి వేలాడుతోంది. రోజూ మట్టిలో వేలు పెట్టి చూసి, ఆరిందనిపిస్తేనే నీళ్ళు పోసేవారు.

ఇంతలో పక్కింటి కొత్తకోడలు గోడ దగ్గరికి వచ్చింది. ఆరేసిన బట్టలు తీస్తున్నట్టే ఉంది గానీ చూపంతా తీగ మీదే. మనవాళ్ళకో నమ్మకం ఉంది కదా, అడిగి తెచ్చుకున్న మనీ ప్లాంట్ కలిసిరాదని, కంటబడకుండా తెంపుకొచ్చిందే ఏపుగా పెరుగుతుందని. అయ్యవారు గుడ్డ పక్కన పెట్టేశారు.

“దాహంగా ఉందమ్మా. లోపలికి పోదాం రా.”

సుగుణ కిటికీలోంచి తొంగిచూసింది. కొత్తకోడలు అటూ ఇటూ చూసి, చటుక్కున తెంపి కొంగులో దాచుకుంది.

“తెంపేసింది అయ్యవారూ, చూస్తూ ఊరుకుంటారా?”

“గణుపుతో తెంపిందా, ఉత్త ఆకేనా?”

“ఉత్త ఆకే.”

“అయ్యో” అన్నారాయన, తన వస్తువే పోయినట్టు. గ్లాసు దించి బయటికి వచ్చి, తీగతో మాట్లాడుతున్నట్టు గట్టిగా అందుకున్నారు. “ఉత్త ఆకు నీళ్ళలో వేస్తే నాలుగు రోజులు పచ్చగా ఉంటుంది, అంతే. వేరెక్కడి నుంచి వస్తుంది? ఆకు పుట్టే చోట గణుపుంటుంది. దాని కిందికి తుంచితే కదా తీగయ్యేది.”

గోడ అవతల గాజుల చప్పుడు ఆగిపోయింది.

“సుగుణా, నాకు మళ్ళీ దాహమేస్తోంది.”

“ఇందాకే కదా చెంబెడు తాగారు” అంటూనే సుగుణ ఆయన వెంట నడిచింది. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

తిరిగి వచ్చేసరికి తీగ జానెడు పొట్టిదైంది. సుగుణ దగ్గరికి వెళ్ళి చూసింది. ఇదివరకు ఎవరెవరో తుంచుకుపోయిన చోట్ల పక్కనుంచి లేత చివుళ్ళు వచ్చి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. తర్వాత మళ్ళీ ఫోను తీసింది. ఈసారి కోపంగా కాదు, పాఠం చెప్పేదానిలా చూసింది. హేమావతి ఆకులు ముద్దుగా గీసింది. తీగలోంచి ఆకు పుట్టే దగ్గర కలం నెమ్మదిగా తిరగాలి, ఆ మలుపు లేదు. ఆకులన్నీ బంకతో అంటించినట్టున్నాయి.

“దీనికి దొంగతనం కూడా సరిగ్గా రాలేదు” అంది. గొంతులో మునుపటి మంట లేదు.

అయ్యవారు మళ్ళీ తడిగుడ్డ అందుకున్నారు.

“మీ ఇంట్లో తీగ బాగుందా?”

సుగుణ ఉలిక్కిపడింది. అది ఈ గోడ మీదిదేనని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

“మీరు చూశారా?”

“నువ్వూ మొదట ఉత్త ఆకే తెంపావు. మర్నాడు బొమ్మలు ఆపేసి, గణుపుల గురించి ఎందుకు చెప్పాననుకున్నావు?”

అంతే పిల్లలూ. లేవండి, అన్నాలు చల్లారిపోతాయి, ఇళ్ళకు పోయి తినండి. మన బడి వరండాలో కూడా మనీ ప్లాంట్ తీగ ఉంది కదా, అటుగానే వెళ్ళండి. నా తాళంచెవి ఎక్కడో పడింది, వెతుక్కుని వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది.