పన్నెండేళ్ల పుస్తకం

రాజుగారి నేతశాలలో పనివాళ్లను ఎలా నడపాలో శేషాచల పండితుడు ఒక గ్రంథం రాసి, రాజుగారిని వెంటబెట్టుకొచ్చి అక్కడే చదవడం మొదలెట్టాడు.

"నెలకో చీర నెయ్యలేనివాణ్ణి ఆ నెలే కొలువులోంచి తీసెయ్యాలి."

నూలు కండెలు చుడుతున్న వీరమ్మ తలెత్తి పక్క మగ్గం వైపు చూసింది. అక్కడ నేస్తున్న ఆమె మొగుడు మార్కండయ్యకు చేతులు వణుకుతాయి. చీరకు మూడు నెలలు పడుతుంది. అయితేనేం, రాణిగారు మనసుపడి కట్టేవి ఆ చీరలే.

"ఇంత పుస్తకం ఎన్నాళ్లు రాశారు బాబయ్యా?" అంది వీరమ్మ.

"పన్నెండేళ్లు!" అన్నాడు పండితుడు గర్వంగా.

"నడుమ రాజుగారు తొందరపెట్టలేదా?"

"మంచి పనిని తొందరపెడితే చెడిపోతుందమ్మా!"

"ఆ ముక్క ఇందులో ఎక్కడుందో చదవండి బాబయ్యా, మా ఆయన వింటాడు."

పండితుడు తాటాకులన్నీ తిరగేశాడు. ఎక్కడా లేదు. రాజుగారు నవ్వుతూ, ఆ ముక్క కూడా రాయమని గంటం ఆయన చేతికిచ్చారు.

వీరమ్మ మొగుడి వణికే చేతిలో కొత్త కండె పెట్టింది.