బంతికి పన్నెండు బూరెలు

ఒకానొక రాజ్యంలో మహా తెలివైన విదూషకుడు ఒకడు ఉండేవాడని మీరు వినే ఉంటారు. ఆ విదూషకుణ్ణి నేనే. పేరు గొంగన్న. తెలివి సంగతి మాత్రం కథంతా విన్నాక మీరే తేల్చుకోండి.

మా రాజు వీరకంఠీరవ భూపతి మనసు మంచిదే. కానీ ఆయన మాట తప్పని ఎవరైనా అన్నారో, ఇక అంతే సంగతులు.

ఒకసారి తన పుట్టినరోజుకు ముందునాడు ప్రభువు బడి చూడ్డానికి బయలుదేరాడు. వెనకాల నేను. బడి నడిపే చయనులు పంతులుగారు పిల్లలకు భాగహారం చెబుతున్నారు. రాజుగారికి హుషారొచ్చింది.

"రేపు విందుకు ఎనిమిది వందల పదహారు బూరెలు వండిస్తున్నాం. భోజనాల బంతులు ఎనిమిది. బంతికెన్ని? చూడండర్రా, నేనే చేస్తాను!" అని సుద్ద అందుకున్నాడు.

ఎనిమిదిలో ఎనిమిది ఒకసారి పోయింది. తర్వాత పదహారులో రెండుసార్లు పోయింది. "పన్నెండు! శేషం సున్నా!" అన్నాడు ప్రభువు.

"ఆహా! అద్భుతం!" అన్నాను నేను. ముఖస్తుతి అనుకునేరు, కాదండీ. నాకూ పన్నెండే వచ్చింది. ఎనిమిదో ఎక్కం నాకు సగం దాకానే వచ్చు. మిగతా సగం చిన్నప్పుడు దగ్గు నటించి దాటేశాను.

పంతులుగారు చేతులు జోడించారు. "మహాప్రభూ, నూట రెండండీ."

రాజుగారి మొహం కందగడ్డ అయింది. "గొంగన్నే ఒప్పుకున్నాడు, మీరు కాదంటారా? రేపు విందు ముగిసేలోగా పన్నెండని ఒప్పుకోండి. లేదా ఊరు విడిచి వెళ్లండి!"

చూశారా, నా మెప్పుకోలు ఎంత పని చేసిందో! సాయంత్రం సిగ్గుపడుతూ పంతులుగారింటికి వెళ్లాను. ఆయన పలకలు మూట కడుతున్నారు.

"పన్నెండని అనేయకూడదా పంతులుగారూ?"

"అంటే ఈ పిల్లలందరూ జన్మంతా అలాగే చేస్తారు నాయనా. కూర్చో." మూటలోంచి ఒక పలక తీశారు. "ఎనిమిదిలో ఎనిమిది ఒకసారి. ఇప్పుడు ఒకటిని దించు. ఒకటిలో ఎనిమిది పోతుందా?"

"పోదు."

"పోదని ఊరుకోకూడదు. పోలేదని చెప్పడానికి పైన సున్నా పెట్టాలి. అప్పుడు ఆరును దించు. పదహారులో రెండుసార్లు. ఇప్పుడెంత?"

"నూట రెండు!" అని అరిచాను. నలభై ఏళ్ల వయసులో భాగహారం వచ్చిందని గంతులేసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మర్నాడు పొద్దున్నే ప్రభువు దగ్గరికెళ్లి, "బూరెల వడ్డన నాకు ఇప్పించండి. తమ లెక్కకు ఒక్కటి కూడా తేడా రానివ్వను" అన్నాను. ఆయన మురిసిపోయి సరేనన్నాడు.

మా రాజ్యంలో పుట్టినరోజు చేసుకునేవారు ఆఖరి బంతిలో ఆఖరి విస్తరి ముందు కూర్చోవాలి. బంతికి వందమంది పైనే జనం. నేను ఒక్కో బంతికి పన్నెండు బూరెలు లెక్కపెట్టి వడ్డించి, చేతులు దులుపుకున్నాను. పదమూడో విస్తరి నుంచి అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ప్రభువుకు బూరెలంటే ప్రాణం. ఆయన విస్తరిలో బూరె లేదు.

"ఒరేయ్ గొంగా! నా బూరె ఏది?"

"తమ బంతికి రావలసిన పన్నెండూ వచ్చేశాయి ప్రభూ."

"మరి ఆ గంపల నిండా ఉన్నవేమిట్రా?"

"అవి లేవు ప్రభూ."

"కనబడుతుంటే లేవంటావేం?"

"నా కళ్లకూ కనబడుతున్నాయి. కానీ శేషం సున్నా అని తమరే సెలవిచ్చారు. తమ మాట కాదని నా కళ్లను నమ్మమంటారా? ఎలాగూ లేనివే కదా అని మా ఇంటికి తోలుకుపోవడానికి బండి కూడా పిలిచాను."

పంతులుగారు చెమటలు తుడుచుకుంటున్నారు.

రాజుగారు పప్పులో వేలు ముంచి, విస్తరిలో ఖాళీగా ఉన్న చోట లెక్క మొదలుపెట్టాడు. ఒకటి దగ్గర వేలు ఆగింది.

"పంతులుగారూ, ఇక్కడ పోకపోతే ఏం చేయాలి?" అని మెల్లగా అడిగాడు.

"సున్నా పెట్టాలి మహాప్రభూ."

పెట్టాడు. విస్తరి వంక కాసేపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "నూట రెండు! పంతులుగారూ, మీరెక్కడికీ వెళ్లద్దు. తప్పు నాదే. వడ్డించరా గొంగా!"

అందరికీ బూరెలు అందాయి. ప్రభువు నన్ను పిలిచి, "మెచ్చానురా. మన తోటలో ఇవాళ ఆరు వందల పద్దెనిమిది మామిడిపళ్లు కోశారు. అందులో ఆరో వంతు నీది. ఎన్నో చెప్పి పట్టుకెళ్లు" అన్నాడు.

అప్పటికే నేను గర్వంతో ఉబ్బిపోయి ఉన్నాను. "ఎంతసేపు ప్రభూ! ఆరులో ఆరు ఒకసారి, పద్దెనిమిదిలో మూడుసార్లు. పదమూడు!"

పంతులుగారు నెత్తి కొట్టుకున్నారు. రాజుగారు కిరీటం జారిపోయేలా నవ్వాడు. "అడిగినవే ఇస్తాను. మిగతా తొంభై పంతులుగారి బడిలో ఉంటాయి. రోజూ వెళ్లి పిల్లల పక్కన కూర్చో. తప్పు లేకుండా ఒక భాగహారం చేస్తే ఒక పండు."

ఆనాటి నుంచి రోజూ బడికి వెళుతూనే ఉన్నాను. మామిడిపళ్ల కాలం ముగియవస్తోంది. ఇప్పటికి నాలుగు తెచ్చుకున్నాను.