ఏనుగు పెట్టిన పరీక్ష

అనగనగనగా, రాజుగారి అనుమతి అడక్కుండానే వానలు కురిసే రోజుల్లో, చిలకలదిన్నె అనే రాజ్యం ఉండేది. దాని నడుమ ఎర్రవాగు పారేది. ఎండాకాలం మోకాలి లోతే. ముసురు పట్టిందంటే మాత్రం గట్లు కోసుకుంటూ పరుగెత్తేది. అప్పుడు అవతలి ఒడ్డువాళ్లకు వైద్యుడు అందడు, మంత్రసాని అందదు, ఉప్పుకల్లు కూడా దొరకదు.

రాజుగారు మంచివాడే. ప్రజల పన్నుతో వాగు మీద వంతెన కట్టించాడు. పని మాత్రం మంత్రిగారి బావమరిది చేతిలో పడింది. ఆయన తోట కాపలావాళ్లనీ, వంటవాళ్లనీ, పెళ్లిళ్లలో సన్నాయి ఊదేవాళ్లనీ పోగేసి తాపీలు చేతికిచ్చాడు. ప్రారంభం నాడు పట్టపుటేనుగు మందాకిని రాజుగారిని ఎక్కించుకుని ముందు నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో, వంతెన ఫెళ్లున కూలింది. ఏనుగు బురదలో కూలబడింది. రాజుగారి కిరీటం వాగులో ఈదుకుంటూ పోయింది.

దానికి ఊరంతా నవ్వింది. నవ్వుకోలేనిది ఒకటుంది. ఆ వంతెన కట్టేటప్పుడే, చేతకానివాళ్లు కట్టిన పరంజా విరిగి, పేరయ్య అనే మంచి మేస్త్రికి కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది.

రాజుగారు శాసనం చేశాడు. ప్రజల సొమ్ముతో కట్టే ఏ కట్టడంలోనైనా, పదేళ్లు గురువు దగ్గర పని నేర్చి, మేస్త్రుల సంఘం ఇచ్చే రాగి బిళ్ల పొందినవాడే చెయ్యి పెట్టాలి.

శాసనం మంచిదే. కానీ ఆ బిళ్లల మీద పేర్లు లేవు! కొత్త వంతెనకు చాటింపు వేయగానే తాతగారి బిళ్ల మనవడి మెడకెక్కింది. మామగారిది అల్లుడి మెడకెక్కింది. దేవుడి గదిలో పసుపు పూసి దాచినవన్నీ కోట ముందు బారులు తీరాయి. మంత్రిగారు మెడ చూసేవాడు, చెయ్యి చూసేవాడు కాదు.

పేరయ్య భార్య నాంచారమ్మ. ఇరవయ్యేళ్లు మొగుడి పక్కనే సున్నం గానుగ పట్టింది, ఇటుక పేర్చింది, కమానులు తిప్పింది. అయినా సంఘంవాళ్లు ఆడవాళ్లకు బిళ్ల ఇచ్చేవాళ్లు కారు. వాళ్ల ఇల్లు వాగు అవతల. కడుపుతో ఉన్న కూతురికి శ్రావణంలో నెలలు నిండుతాయి. ఆ లోపు వంతెన లేవకపోతే పురుడు పోసే దిక్కుండదు. నాంచారమ్మకు అదే బెంగ.

"ఏమే నాంచారీ, నా బిళ్ల కట్టుకుపోవే. అందరూ చేసేదేగా," అన్నాడు పేరయ్య.

"అది నీ చేతికిచ్చింది మావా, నా చేతికి కాదు. పునాదిలో అబద్ధం పోసి పైన వంతెన లేపమంటావా?"

"మరి బిళ్ల లేకుండా నిన్నెవరు రానిస్తారే?"

"రానివ్వకపోతే అక్కడే కూచుంటా," అంటూ కొంగు బిగించి బయలుదేరింది.

సభలో మంత్రిగారు ఆమె మెడ చూశాడు. "బిళ్లేదీ?"

"లేదు బాబూ."

"మరెందుకొచ్చావ్?"

"పనొచ్చు గనక వచ్చా. ఇన్ని బిళ్లల్లో ఏది నిజమో మీరెట్టా తేలుస్తారు బాబూ? పొడినేల మీద తలా ఒక చిన్న కమాను కట్టమనండి. దాని మీద ఏనుగమ్మను నడిపించండి. చేతకాని పని ఎట్టా ఉంటుందో దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

రాజుగారికి ఆ మాట నచ్చింది. "మేమూ ఒక మాట కలుపుతాం. పైన ఏనుగు నడిచేటప్పుడు, కట్టినవాళ్లు ఇంటిల్లిపాదితో ఆ కమాను కింద కూర్చుని భోజనం చెయ్యాలి!"

ఆ మాటతో బారు బారంతా కరిగిపోయింది. ఒకడికి పొలం గుర్తొచ్చింది, ఒకడికి పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయి. చివరికి మిగిలింది ముగ్గురు. తాతగారి బిళ్ల వేసుకున్న వాస్తు పండితుడు గరుడాచలం, ఎందుకైనా మంచిదని అయిదు బిళ్లలు వేసుకున్న పానకాల రాయుడు, ఏ బిళ్లా లేని నాంచారమ్మ. ముగ్గురికీ ఒకే ఇటుక, ఒకే సున్నం, నలభై రోజుల గడువు.

గరుడాచలం ముహూర్తం మించిపోతుందని పొడి ఇటుకనే పేర్పించాడు. రాయుడు గానుగ నాలుగు చుట్లు తిప్పించి చాలన్నాడు. నాంచారమ్మ ఒక రోజంతా ఇటుకలు నానబెట్టింది. తాపీ బోర్లించినా జారనంత వరకు సున్నం గానుగ పట్టింది. కట్టాక రోజూ నీళ్లు పోసి తడిపింది.

నలభయ్యో రోజు మందాకిని వచ్చింది. బురదలో పడ్డ ఏనుగు కదా, కాలు మోపేముందు పదిసార్లు చూసుకుంటోంది!

"మహారాజా, ఇవాళ ఏకాదశి. నాకు ఉపవాసం," అన్నాడు గరుడాచలం. ఏనుగు అతని కమాను మీద ఒక కాలు ఆనించి నొక్కింది. పట్టులేని సున్నం జలజలా రాలింది. ఏనుగు కాలు తీసేసింది.

"మా పెత్తండ్రి పోయాడు ప్రభూ, మైల," అన్నాడు రాయుడు. ఆ పెత్తండ్రి జనంలో నిలబడి చెరకు నములుతున్నాడు. ఏనుగు అతని కమానును తొండంతో తట్టగానే ఒక ఇటుక ఊడి దొర్లింది.

నాంచారమ్మ మాత్రం కమాను కింద విస్తళ్లు పరిచింది. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుంది. వేడన్నంలో గోంగూర పచ్చడి కలిపి మొగుడి నోట్లో ముద్ద పెట్టింది. పైన ఏనుగు ఒక కాలు వేసింది. రెండో కాలు వేసింది. నాలుగు కాళ్లూ వేసి, అక్కడే తాపీగా నిలబడి చెవులాడించింది. పచ్చడిలో ఒక్క ఇసుక రేణువైనా పడలేదు. మందాకిని తొండం కిందికి దింపి విస్తట్లో అరటిపండు అందుకుంది కూడా!

రాజుగారు పకపకా నవ్వాడు. "ఇక ఈ బిళ్లలెందుకు? తీసేద్దామా?"

"అయ్యో, వద్దు బాబూ! తీసేస్తే మళ్లీ సన్నాయి ఊదేవాళ్లే వస్తారు. బిళ్ల ఉండాల్సిందే. కాకపోతే చెయ్యి చూసి ఇవ్వండి, ఆడా మగా చూడకండి, పేరు చెక్కి ఇవ్వండి," అంది నాంచారమ్మ.

ఆనాటి నుంచి ఆ రాజ్యంలో బిళ్లకు ఒకవైపు పనివాళ్ల పేరు, రెండోవైపు ఏనుగు పాదం చెక్కేవారు. మొదటి బిళ్ల నాంచారమ్మదే. కొత్తగా పని నేర్చేవాళ్లకు గురువు పేరయ్య.

నాంచారమ్మ ముందుండి నడిపిస్తే, వేసవి అంతా కష్టపడి వంతెన లేపారు. శ్రావణంలో ఒక మధ్యాహ్నం నాంచారమ్మ కూతురికి నొప్పులు మొదలయ్యాయి. కింద ఎర్రవాగు గట్లు ఒరుసుకుని ఉరుకుతోంది. మంత్రసాని తాటాకు గొడుగుతో ఇవతలి ఒడ్డున ఆగిపోయింది. పిలవడానికి వచ్చిన నాంచారమ్మను చూసి, "ఇది కట్టింది నువ్వేనటే?" అని భయంగా అడిగింది.

"నేనే, అక్కా."

"అయితే పద!" అని మంత్రసాని గబగబా వంతెన దాటింది. పొద్దుగూకే లోపు నాంచారమ్మ ఒళ్లో మనవరాలు కేరుమంది.

విన్నారుగా పిల్లలూ! అందరూ నడిచే దారిని పని వచ్చిన చేతులే కట్టాలి. ఆ చేతులకు సాక్షి మెడలో వేలాడే బిళ్ల కాదు, చేసి చూపిన పనే.