ఆచారి వ్యాన్‌లో ఇన్వర్టరు

నంద్యాల బైపాస్ మీద ముసలి ఉస్తాద్ ఖాదర్ వలీ ఎలక్ట్రికల్ షెడ్డులో పని చేసే గిడ్డయ్యకు ఒకటే బాధ. తను చేసిన ప్రతి పనినీ ఉస్తాద్ మళ్లీ విప్పి చూస్తాడు.

లారీ హెడ్‌లైట్లు కానీ, ట్రాక్టరు సెల్ఫ్ మోటారు కానీ, గిడ్డయ్య పని ముగించి చేతులు తుడుచుకునేసరికి ముసలాయన కళ్లద్దాలు పెట్టుకుని వంగేవాడు. మంచీ చెడూ ఒక్క మాట అనేవాడు కాదు. అదే గిడ్డయ్యకు మరీ గుచ్చుకునేది. పెళ్లయింది, కూతురు బడికి పోతోంది. ఇంకా ఎన్నాళ్లు?

ఒకరోజు విరూపాక్షాచారి వ్యాన్ వచ్చింది. ఆచారి వడ్రంగి. ఊరూరా తిరిగి తలుపులు, కిటికీలు చేస్తాడు. భార్య ఈశ్వరమ్మ వాటికి పాలిష్ పెడుతుంది. కొత్తగా కట్టే ఇళ్లకు మీటరు ఉండదు. ఉన్నచోట కరెంటు ఉండదు. అందుకని ఆచారి ఇన్వర్టరు కొనుక్కొచ్చాడు. చెక్కను నున్నగా చెక్కే చిత్రిక మిషను బండి బ్యాటరీ మీద నడిచేలా బిగించమన్నాడు.

గిడ్డయ్య మనసు పెట్టి చేశాడు. బ్యాటరీ డ్రైవరు సీటు కింద, ఇన్వర్టరు వెనక తలుపు పక్కన. మధ్యలో వైరు ఎక్కడా కంటికి కనబడదు. మొత్తం నేల మీది రేకు కింద నుంచే లాగాడు. స్విచ్చి వేయగానే చిత్రిక మిషను గిర్రున తిరిగింది. ఆచారి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఖాదర్ వలీ జేబులోంచి కళ్లద్దాలు తీశాడు.

"ఉస్తాద్," అన్నాడు గిడ్డయ్య, అందరి ముందే. "ఈ ఒక్కటి విప్పొద్దండి. నన్నెప్పుడు నమ్ముతారు మీరు?"

ముసలాయన కళ్లద్దాలు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"సరే బేటా. విప్పను. చూడను కూడా చూడను."

తర్వాత ఈశ్వరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఈయన చిత్రిక పట్టేటప్పుడు నువ్వేం చేస్తాంటావు?"

"నా పని ఆఖర్న కదా సాబ్. అంతదాకా ఈ బండిలోనే చాపేసుకుని ఓ కునుకు తీస్తా."

"ఆ చాప వెయ్యి తల్లీ."

ఆమె రేకు మీద చాప పరిచింది. తలవైపు, తను ఎప్పుడూ పెట్టుకునేచోట, పాలిష్‌లో కలిపే థిన్నర్ డబ్బా పెట్టింది.

"గిడ్డా, ఎక్కి పడుకో."

"నేనా?"

"నువ్వే. ఆచారీ, ఇంజను స్టార్ట్ చేసి, నీకు నచ్చిన చెక్క చిత్రిక పట్టుకో. గిడ్డయ్య చెప్పేదాకా ఆపొద్దు."

అంతే చెప్పి, షెడ్డు ముందర బల్ల మీద వ్యాన్‌కు వీపు తిప్పి కూర్చున్నాడు.

గిడ్డయ్య నడుం వాల్చాడు. రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తున్నారేమోనని సిగ్గేసింది. తలకింద ఈశ్వరమ్మ పాత చీర మడత. కొబ్బరినూనె వాసన వస్తోంది. బయట మిషను హోరు మొదలైంది.

కొంతసేపు ఏమీ లేదు. ఆ తర్వాత వీపు కింద వెచ్చగా అనిపించింది. ఎండకు రేకు కాగిందనుకున్నాడు. కానీ బండి నిలబెట్టింది నీడలో. చాప పక్కకు చెయ్యి జరిపి రేకు మీద ఆనించాడు. చప్పున వెనక్కి తీసుకున్నాడు. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడబోయే ముందు వచ్చేలాంటి వాసన ముక్కుకు తగిలింది.

"ఆపన్నా! ఆపు!"

నిప్పురవ్వ పడితే భగ్గుమనే ఆ థిన్నర్ డబ్బా గుండెలకు పట్టుకుని దూకాడు. దాన్ని దూరంగా పెట్టి, పరుగున వచ్చి బ్యాటరీ వైరు పీకేశాడు.

రేకు ఎత్తి చూస్తే వైరు తొడుగు మెత్తబడి రేకుకు అంటుకుపోయి ఉంది. వైరు దూరి వచ్చిన కన్నం దగ్గర రాగి బయటపడబోతోంది. అంత మిషనుకు లావు వైరు కావాలని గిడ్డయ్యకు తెలియక కాదు. లావు వైరు వంగదు, రేకు కింద దాగదు. అందుకే సన్నది వేశాడు.

ఈశ్వరమ్మ వచ్చి రేకునూ డబ్బానూ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం కాలేదు కదప్పా," అంది. కొంచెం ఆగి మళ్లీ అంది. "ఏం కాలేదు కదా."

బల్ల మీద ముసలాయన వెనక్కి తిరగలేదు.

గిడ్డయ్య మొత్తం పీకేశాడు. అన్నానికి పోలేదు. ఇన్వర్టరును ముందుకు, బ్యాటరీకి దగ్గరగా జరిపాడు. బొటనవేలంత లావు వైరు తెచ్చి, అందరికీ కనబడేలా పక్కగోడ వెంట బిగించాడు. బ్యాటరీని ఆనుకునే ఫ్యూజు పెట్టాడు. వైరు దూరే కన్నానికి రబ్బరు తొడిగాడు. చూడ్డానికి అందంగా ఏమీ లేదు.

సాయంత్రం నమాజుకు ఖాదర్ వలీ లేచి మసీదు వైపు నడిచాడు. గిడ్డయ్య ఎవరూ చెప్పకుండానే చాప పరిచి వ్యాన్ ఎక్కాడు.

"అన్నా, మిషను పట్టు."

పడుకుని అరచెయ్యి రేకు మీద పరిచాడు. చల్లగా ఉంది. హోరు పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. రేకు చల్లగానే ఉంది. గాలికి చెక్కపొట్టు ఎగిరొచ్చి కాళ్ల మీద పడుతోంది. వైరును తడిమి చూశాడు. మళ్లీ రేకును తడిమాడు. చెయ్యి అలాగే ఉంచి కళ్లు మూసుకున్నాడు.

ఖాదర్ వలీ తిరిగి వచ్చేసరికి మిషను ఇంకా నడుస్తూనే ఉంది. ఆచారి చీలమండల దాకా పొట్టులో నిలబడి ఉన్నాడు. చేతిలో చెక్క అట్టముక్కలా పల్చబడింది.

"ఆపమని ఎవరూ చెప్పలేదు సాబ్," అన్నాడు దీనంగా.

ముసలాయన వ్యాన్‌లోకి తొంగిచూశాడు. గిడ్డయ్య నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. అరచెయ్యి రేకు మీదే ఉంది.

"ఆపు ఆచారీ. వాణ్ణి లేపి, బండి తీసుకుపో."

ఈశ్వరమ్మ తటపటాయించింది. "మీరొక్కసారి చూడరా సాబ్?"

ముసలాయన గొంతు తగ్గించాడు.

"మా వాడికి నిద్రపట్టింది తల్లీ. ఇంకేం చూడల్ల?"